వాకిటి వైపు నడిచే పెట్టె

టామరాక్‌లో పొద్దు వాలాక ప్రోథెరో ఇంటి ముందు నుంచి ఎవరూ నడవరు. నడవక తప్పనివాళ్ళు వీధికి అవతలి అంచున, కంచె పట్టుకుని, గబగబా దాటిపోతారు. దాటేటప్పుడు మాట్లాడరు. లోపలి నుంచి తట్టిన చప్పుడు వినిపించినా సరే... వెనక్కి తిరిగి చూడరు.

ఊరంటే ఇప్పుడది ఊరు కాదు. బంగారం దొరికినన్నాళ్ళు మూడువేల మంది బతికిన ఆ కొండ మీద ముప్ఫై ఒక్క ఇళ్ళు, ఒక చర్చి, ఒక శ్మశానం మిగిలాయి. మనుషులు లేరు. కింద లోయలో ఉండే ఏడుగురు, జీతం భత్యం లేని ఏడుగురు, కమిటీగా ఏర్పడి దాన్ని కాపాడుతూ వచ్చారు.

ఎవాన్ ప్రోథెరో వేల్స్ దేశం నుంచి వచ్చినవాడు. పదకొండేళ్ళు తవ్వాడు. చివరికి ఇంటికి పోతానని పెట్టె సర్దుకున్నాడు. బంగారం కంటే రాళ్ళే ఎక్కువ ఉన్నాయట అందులో... తాను ఏం తవ్వాడో అమ్మకు చూపించడానికి. తెల్లవారకముందే బండి వచ్చింది. బండివాడు తలుపు తట్టాడు. పలకలేదు. మళ్ళీ తట్టాడు...

పెట్టెకు వీపు ఆనించి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

అప్పటి నుంచి ఆ పెట్టె వాకిటి వైపు నడుస్తుందని చెప్పుకుంటారు.

కమిటీకి ఒకే ఒక్క నియమం: ఉన్నది ఉన్నట్టు. కిటికీలో పక్కకు ఒరిగిన బొమ్మ ఒరిగే ఉండాలి. బల్ల మీద దుమ్ము తుడవకూడదు. కొత్త మేకు కొట్టకూడదు, కొత్త కర్ర ఆనించకూడదు. నిలబడినన్నాళ్ళు నిలబడుతుంది, కూలిన రోజున కూలుతుంది. ఆ నియమానికి కాపలా ఇర్మా. పంతొమ్మిదేళ్ళుగా ఆమే కార్యదర్శి. ఏ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఫొటోలు తీయించి, ప్రతిదాని చుట్టూ సన్నగా సుద్దగీత గీసి ఉంచింది. ఏటా శీతాకాలానికి ఊరు మూసే రోజున ఫొటోలు చేతబట్టుకుని ముప్ఫై ఒక్క ఇళ్ళూ తిరిగేది. గీత దాటిన వస్తువును గీతలోకి జరిపి తాళం వేసేది.

ఆమె భర్త ఆర్విడ్ కూడా కమిటీ సభ్యుడే. వడ్రంగి. ఆ ఇళ్ళను చూసినప్పుడల్లా అతని చేతులు ఊరుకునేవి కావు.

మూడేళ్ళ కిందట ప్రోథెరో ఇంటి దూలం పగిలింది.

"నాలుగు దుంగలు ఆనిస్తే ఇంకో నూరేళ్ళు నిలబడుతుంది" అన్నాడు ఆర్విడ్, సమావేశంలో.

"దానికొక్కదానికి ఆనిస్తే మిగతా ముప్ఫైయ్యీ చెయ్యి చాస్తాయి ఆర్విడ్" అన్నాడు అధ్యక్షుడు హ్యూ. రిటైరైన బడిపంతులు. ఎవరినీ నొప్పించకుండా కాదనగలడు.

చేతులెత్తమన్నారు. మూడూ మూడూ అయ్యాయి. మిగిలింది ఇర్మా. ఆమె భర్త ముఖం వైపు చూడకుండా, ఇంటిని దాని మానాన వదిలేయాలనే వైపు చెయ్యెత్తింది.

ఇంటికి పోతూ దారిలో అన్నాడతను: "నీకు ఇంటి కంటే రూలే ముద్దు."

"రూలు లేకపోతే ఈపాటికి ఊరంతా రంగులేసిన బొమ్మరిల్లయ్యేది. నువ్వు మాత్రం దాని జోలికి పోనని మాటివ్వు."

అతను బండిని కొండ మలుపు తిప్పాడు. తర్వాత తలూపాడు.

ఆ శరదృతువులోనే పెట్టె కదిలింది. గీత దాటి, వాకిటి వైపు మూరెడు. మరుసటి ఏడు మళ్ళీ... ఈసారి రెండు మూరలు. వేసవి చివరి సాయంత్రాల్లో ఆ ఇంట్లోంచి చప్పుళ్ళు వినపడుతున్నాయన్నారు. ఎవరో లోపల మెత్తగా, ఓపిగ్గా తడుతున్నట్టు.

"ఇంటిని చంపేస్తామని తీర్మానం చేశారుగా" అని గుసగుసలాడింది డోరీన్. టిక్కెట్ల గది చూసుకునే సభ్యురాలు. చీకటి పడితే ఆ వీధి తొక్కదు. "వింటాడు కదా మనిషి."

"చచ్చి నూటముప్ఫై ఏళ్ళయినవాడికి మన తీర్మానాలు ఎవరు చదివి వినిపిస్తున్నారే?" అంది ఇర్మా. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా ఆర్విడ్ నవ్వాడు.

"పాపం, ముసలోడు ఇంటికి పోతానంటుంటే నువ్వేమో ఏటా కాళ్ళు పట్టి లోపలికి ఈడుస్తున్నావు."

"నువ్వు మాట్లాడకు. నలభై ఏళ్ళ కాపురంలో తీసింది తీసినచోట పెట్టిన పాపాన పోలేదు."

అక్టోబరు ఆఖరి ఆదివారం ఊరు మూశారు. ఉదయమే ఇళ్ళన్నీ తెరిచారు. ఆర్విడ్ తన బండిలో ఎగువ చెరువు దగ్గరికి వెళ్ళాడు. గొట్టాల్లోని నీళ్ళు బయటికి వదిలేయకపోతే అవి చలికి పగిలిపోతాయి. పని కాగానే అటునుంచి అటే ఇంటికి పోతానన్నాడు. మిగతావాళ్ళు మూడింటికల్లా దిగిపోయారు. ఇర్మా ఒక్కతే తాళాలగుత్తితో వీధి చివరి నుంచి మొదలుపెట్టింది.

ప్రోథెరో ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసింది. టార్చి వెలుగు నేల మీద పాకి... ఆగింది.

పెట్టె గీతలో లేదు. గదికి ఆ కొసన, దాదాపు గడప దగ్గర ఉంది. ఇంత దూరం ఎన్నడూ రాలేదు.

ఆమె కదలకుండా నిలబడింది. గదిలో ఏదో వాసన... అప్పుడే ఆర్పిన దీపపు కమురులాంటిది. ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టుంది. ఆమె వింటోంది. తాను వింటున్నట్టే, ఏదో కూడా తనను వింటోందని ఆ క్షణాన ఆమెకు అనిపించింది.

"చాల్లే" అంది పైకే. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

పెట్టె అడుగున ఇనప పట్టీలున్నాయి. ఎత్తబోతే ఇద్దరు మగవాళ్ళకు లేవదు గాని, మోకాలు ఆనించి తోస్తే జారుతుంది. తోసింది. రాళ్ళు లోపల గొణిగాయి. నాలుగు మూలలూ నాలుగు గీతల మీదికి వచ్చేదాకా, వంగి, టార్చి దగ్గరగా పట్టి సరిచూసుకుంది. బయటికి వచ్చి గొళ్ళెం పెట్టి, తాళంకప్ప వేసి, రెండుసార్లు లాగి చూసింది.

మంచు మొదలైంది. గేటు దాకా వచ్చిందో లేదో —

టక్.

ఆగిపోయింది.

టక్... టక్.

ఎలుకలు, అనుకుంది. చలికి బిగుసుకునే చెక్క, అనుకుంది. పంతొమ్మిదేళ్ళుగా డోరీన్‌తో చెబుతున్న మాటలన్నీ ఒక్కొక్కటే అనుకుంది. ఆ చప్పుడు ఇంకోసారి వచ్చింది, ఈసారి తొందరగా. ఇర్మా, దెయ్యాలను ఏనాడూ నమ్మని ఇర్మా, మెడ బిగబట్టుకుని, వెనక్కి తిరగకుండా, కారు దాకా దాదాపు పరుగెత్తింది.

ఆ రాత్రి ఆర్విడ్ ఇంటికి రాలేదు.

ఎనిమిదింటికి ఆమె హ్యూకి ఫోన్ చేసింది. తొమ్మిదికల్లా పదిమంది మగవాళ్ళు కొండ ఎక్కారు. చెరువు గట్టున అతని బండి ఉంది. నీళ్ళు వదిలే తూము మీద తడిసి గడ్డకట్టిన చేతితొడుగులున్నాయి. గట్టు పక్కన పలచటి మంచుపలక ఒకచోట విరిగి ఉంది. ఇక చెప్పనక్కర్లేకపోయింది. మంచు ఎడతెరిపి లేకుండా మూడు రోజులు కురిసింది. చెరువు గడ్డకట్టుకుపోయింది. దారి మూసుకుపోయింది.

ఇళ్ళు వెతకాలని ఎవరికీ తోచలేదు. అన్నిటికీ బయటి నుంచి తాళాలున్నాయి. తాళంచెవులు ఇర్మా దగ్గరున్నాయి.

ఆ శీతాకాలమంతా ఆమె కిటికీ దగ్గర కూర్చుని కొండ వైపు చూసింది. మనిషి పోయాడని మనసుకు చెప్పుకోగలిగింది. ఎక్కడ పడి ఉన్నాడో తెలియకపోవడం మాత్రం భరించలేకపోయింది. పాతిపెట్టడానికి ఒక శరీరం కావాలి. అంతే. అంతకు మించి ఆమె దేవుణ్ణి ఏదీ అడగలేదు.

మే నెలలో మంచు కరిగింది. ఈతగాళ్ళు చెరువులో రెండు రోజులు దిగారు. ఏమీ దొరకలేదు.

మూడో రోజు కమిటీ ఊరు చూడడానికి బయలుదేరింది. ఇర్మాను రావద్దన్నారు. ఆమె తాళాలు ఇవ్వనంది.

అంత మంచు ముసలివాళ్ళెవరూ ఎరగరు. కమ్మరి కొట్టం కూలింది. గనివాళ్ళ సత్రం నేలమట్టమైంది. బలంగా ఉన్నాయనుకున్న ఇళ్ళు రెండు మోకాళ్ళ మీద కూర్చున్నాయి.

ప్రోథెరో ఇల్లు నిటారుగా నిలబడి ఉంది.

"ముందు పోవాల్సింది ఇదే" అన్నాడు హ్యూ నెమ్మదిగా. "మూడేళ్ళ కిందటే పోవాల్సింది."

"పోనివ్వడు" అంది డోరీన్, గేటు బయటే నిలబడి. "చెబితే విన్నారా?"

ఇర్మా తాళం తీసింది. పెట్టె గీతలోనే ఉంది. నాలుగు మూలలూ నాలుగు గీతల మీద. ఆమె చూసి, ఫొటో మడిచి జేబులో పెట్టుకుంది.

లెస్టర్ లోపలికి వచ్చి నేల మీద కాలు ఆనించి ఊగి చూశాడు. అతను కమిటీలో అందరికంటే చిన్నవాడు; ఆర్విడ్ దగ్గర పని నేర్చుకున్నాడు.

"నేల కుంగలేదు. కింద ఏదో మోస్తోంది."

"కింద ఏముంటుంది? వరదలో నేలమాళిగ బురదతో పూడిపోయిందిగా. పాత పటంలోనే రాసుంది" అన్నాడు హ్యూ.

లెస్టర్ మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో పలకల మీద కొట్టాడు. గుల్లగా మోగింది. అలా కొట్టుకుంటూ, పాకుతూ, పెట్టె దాకా వచ్చాడు.

"దీన్ని జరపాలి, ఇర్మా గారూ."

ఆమె అడ్డు చెబుతుందని అందరూ ఎదురుచూశారు. చెప్పలేదు.

జరిపారు. దాని కింది పలకల మధ్య చీలిక వెంట్రుకంత ఉంది. తెలియని కంటికి కనపడదు. లెస్టర్ ఉలి దూర్చి పైకి లేపాడు. నాలుగు పలకలు ఒక్కటై లేచాయి.

కిందనుంచి చలి వచ్చింది. కొత్త చెక్క వాసన వచ్చింది.

బురదంతా ఎవరో తవ్వి, గోడల వారగా చదును చేసి పేర్చారు. నాలుగడుగుల ఎత్తున్న ఆ చీకట్లో, వరసగా, పసుపుపచ్చగా, పదకొండు దుంగలు ఇంటిని మోస్తూ నిలబడి ఉన్నాయి. ప్రతిదాని కింద శ్రద్ధగా కొట్టి బిగించిన చెక్కముక్క. ఒక్క పాత పలకకూ మేకు తగల్లేదు.

పన్నెండో దుంగ నేల మీద పడి ఉంది. దాని పక్కన సుత్తి, ఆర్పిన లాంతరు. మూలన, కోటు బొత్తాలు మెడ దాకా పెట్టుకుని, చేతులు చంకల్లో దాచుకుని, ఆర్విడ్ కూర్చుని ఉన్నాడు.

 లెస్టర్ ఒక్కడే దిగాడు. మూతపలకల అడుగుభాగం మీద చెయ్యి పెట్టి తడిమాడు. అక్కడ సుత్తి దెబ్బల గుంటలు... ఒకదాని మీద ఒకటి.

"చెయ్యెత్తి కొట్టడానికి చోటు లేదిక్కడ" అన్నాడు.  "అరిచినా కొండ మీద ఎవరున్నారు? కానీ... తాళం పడకముందు ఎవరైనా లోపలికి వచ్చారేమో. ఎవరో పైన నడిచే ఉంటారు. అప్పుడే పిలవచ్చుగా!"

ఇర్మా తెరిచిన నేల అంచున మోకాళ్ళ మీద వంగి లాంతరు వైపు చూస్తోంది. తన అడుగుల చప్పుడు వినగానే వంగి దాన్ని ఊదేసిన మనిషిని చూస్తోంది. మాట తప్పి దొరికిపోతానని, ఆమె వెళ్ళిపోయేదాకా ఊపిరి బిగబట్టుకుని నవ్వాపుకున్న మనిషిని. నెత్తి మీద ఇనప పట్టీలు జారుతూ వస్తుంటే, అదేమిటో అర్థమయ్యేసరికి, తాళంకప్ప రెండుసార్లు లాగిన చప్పుడు విన్న మనిషిని.

"ఇదేం వింత?" అన్నాడు లెస్టర్. "దిగేముందు పెట్టెను పక్కకు జరపాలి. జరిపే దిగుంటాడు. మరి ఈ మూత మీదికి మళ్ళీ..."

మాట పూర్తి చేయలేదు. పెట్టె పక్కన ఉన్నవాళ్ళు ఒక్కడుగు వెనక్కి వేశారు. గేటు దగ్గర డోరీన్ శిలువ గుర్తు వేసుకుంది.

హ్యూ మాత్రం పెట్టెను చూడలేదు. అతను ఇర్మా చేతిలోని తాళాలగుత్తిని చూశాడు. తర్వాత టోపీ తీసి, ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆమెకొక్కదానికే వినిపించేలా అన్నాడు:

"ఆ పెట్టె నడుస్తుందని ఊరందరికీ తెలుసు, ఇర్మా. అలాగే రాసుకుందాం. అంతకు మించి నిన్నెవరూ అడగరు."



"నడుస్తుంది హ్యూ..." అంది ఇర్మా, అందరికీ వినపడేలా. "వాకిటి వైపే నడుస్తుంది. వెనక్కి తోసేది నేను."