అడగకుండా మొక్కిన మొక్కు

దామోదర్ పొద్దున్నే స్నానం చేసి, దేవుడి అర ముందు కూర్చుని, కూతురు మైత్రి టెన్నిస్ రాకెట్లకు బండారి బొట్లు పెట్టాడు. కొమురవెల్లి మల్లన్న పసుపు అది. మధ్యాహ్నం హైదరాబాద్ బయలుదేరాలి. మర్నాటి నుంచి అక్కడ ఆడవాళ్లకూ మగవాళ్లకూ చిన్న స్థాయి ప్రొఫెషనల్ టోర్నమెంట్. మైత్రి లాంటి ర్యాంకు లేనివాళ్లు ముందు అర్హత మ్యాచ్‌లు గెలిస్తేనే అసలు పోటీలోకి వెళ్తారు.

ఆ అసలు పోటీలో మైత్రి ఒక్క మ్యాచ్ గెలిచేదాకా చెప్పులు తొడగనని దామోదర్ మొక్కుకుని రెండేళ్లు కావస్తోంది. సిద్దిపేటలో అతని మోటార్ల షాపుకు వచ్చే ప్రతి ఒక్కరికీ ఆ సంగతి తెలుసు. మైత్రి బజారుకు వెళ్తే చాలు, "మీ బాపు కాళ్లను చూసన్న గెలువు బిడ్డా" అనేవాళ్లు. ఆమె తల దించుకుని వచ్చేసేది.

"దారిలకు పులిహోర కట్టిన. ఇంకేమన్న పెట్టాల్నా?" అంటూ తల్లి బాలమణి వచ్చింది.

మైత్రి బ్యాగు జిప్పు వేసి, లేవకుండా అక్కడే కూర్చుంది.

"బాపూ, నువ్వు రాకు."

దామోదర్ నవ్వాడు. "ఏంది? నేను రాకపోతే నీ వెంట ఎవరొస్తరు?"

"అమ్మ వస్తది. నువ్వు మాత్రం వద్దు."

"ఆమెకు ఆట గురించేం తెల్సు? అవుటేదో, లోపలేదో తెల్వది!"

"తెల్వకుంటెనే మంచిది," అన్నది మైత్రి. "సర్వీసు చెయ్యనీకి బంతి పైకేస్తే నాకు బంతి కనబడది బాపూ. నీ కాళ్లు కనబడ్తయి. పోయినసారి ఎండల సిమెంటు మెట్ల మీద నిలబడి బొబ్బలు తెచ్చుకున్నవు. ఆ మ్యాచు నేను గెలవాల్నని ఆడలే. జల్ది అయిపోతే నువ్వు నీడకు పోతవని ఆడిన."

బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీ కోసమే కదనే మొక్కిన!" దామోదర్ గొంతు పెంచాడు. "నేనేమన్న నా కోసం మొక్కిన్నా? దేవునితోని పెట్టుకున్న మాట నడుమల ఎట్ల ఇడుస్త?"

మూలన మంచం మీద కూర్చున్న అతని తల్లి చంద్రవ్వ తమలపాకుకు సున్నం రాస్తూ అడిగింది. "మొక్కేటప్పుడు పిల్లను అడిగినవారా?"

"దేవునికి మొక్కనీకి ఎవలను అడగాలె అవ్వా?"

"గుడి దాకా నడుస్తనని మొక్కితే నిన్నెవలడుగుతరు, నీ కాళ్లు నీయి. నువ్వు మొక్కింది గెలుపు. ఆడేది నువ్వా?" ఆకు నోట్లో పెట్టుకుని అన్నది. "దాని మెడల తాడేసి నీ కాళ్లకు కట్టినవు కొడుకా. మల్లన్న గిట్ల అడిగిండా?"

దామోదర్ జవాబు కోసం కూతురి వైపు చూశాడు. ఆమె మోకాళ్లలో తల పెట్టుకుని ఏడుస్తోంది. ఓడిన రోజున కూడా ఆమె అలా ఏడవడం అతను చూడలేదు.

రాకెట్లు తెచ్చి ఆమె పక్కన పెట్టి, "అమ్మను తీస్కపో బిడ్డా," అన్నాడు.

మర్నాడు అతను మొక్కు విడిచేద్దామని కొమురవెల్లి వెళ్లాడు. మొక్కు తప్పిస్తున్నందుకు తప్పు ఒప్పుకోవాలా, కూతురు గెలవాలని అడగాలా తేల్చుకోలేకపోయాడు. ఒకరి బతుకు మీద ఇంకొకరు మొక్కితే స్వామి ఎవరి మాట వినాలి? దర్శనం అయింది. చేతులు జోడించాడు కాని నోట ఏ కోరికా రాలేదు.

మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది.

"ఓడిపోయిన బాపూ," అన్నది మైత్రి.

అతను ఏదో అనేలోపే మళ్లీ అందుకుంది. "కానీ ఒక షాటు కొట్టిన సూడూ! అవతలామె నెట్టు కాడికి ఉరికొచ్చింది. నేను ఎడమ దిక్కు నుంచి రెండు చేతుల్తోని కొట్టిన. లైను మీదనే పడ్డది! ఆమెనే చప్పట్లు కొట్టింది బాపూ!"

ఊపిరి తీసుకోకుండా చెప్తోంది, నడుమ నడుమ నవ్వుతోంది. ఇన్నేళ్లు ప్రతి మ్యాచ్‌కూ వెంట తిరిగాడు. ఈ పిల్లకు బంతిని కొట్టడమంటే ఇంత సంబరమని అతనికి ఇవాళే తెలిసింది. కళ్లు మసకబారితే మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"బాపూ, ఇంటున్నవా?"

"ఇంటున్న బిడ్డా," అన్నాడు దామోదర్. "ఎట్ల కొట్టినవో మళ్ల చెప్పు."