ఖాళీ చేయించే కపాలం

అసురసంధ్య! కాటుక మేఘాలు నింగిని కమ్మేసి భీకరంగా గర్జిస్తున్నాయి. సన్‌షేడ్ కింద దాక్కున్న గుడ్లగూబ ఉండుండి కూస్తోంది...

బ్యూటీ పార్లర్ నడిపే ఆమె ఆ రెండంతస్తుల ఇంటి గేటు ముందు ఆగింది. కొని అద్దెలకిచ్చుకోవాలని వేసవి నుంచీ ఆ ఇంటిమీదే కన్నేసింది. "తొందరపడకమ్మా, ధర ఇంకా దిగుతుంది" అంటూ బ్రోకరు ఆపుతూ వచ్చాడు. అన్నట్టే కింది వాటాలవాళ్ళు ఏమి చూశారో, ఏమి విన్నారో... జడుసుకుని ఒకరి వెనక ఒకరు ఖాళీ చేసిపోయారు. ధర దిగింది! ఎలా దిగిందని ఆమె అడగలేదు. అడగబుద్ధి కాలేదు.

ఈ సాయంత్రం అతడే ఫోన్ చేశాడు. "కొనే గడియ వచ్చింది. రా!"

వెనకగది తలుపు తోయగానే ఆమె రెండడుగులు లోపలికి వేసి ఆగిపోయింది. నేలమీద రక్తవర్ణ వలయం... నడుమ నరకపాలం! దాని కనుగుంతల్లో జ్వాలలు నాట్యమాడుతున్నాయి. ఒళ్ళంతా మసి పూసుకున్న బ్రోకరు వికృతంగా నవ్వాడు.

"మేడమీద కుట్టుమిషన్ పిల్ల ఒక్కతే మిగిలింది. ఎంత బెదిరించినా కదలదు. శవం లేచిన ఇంటికి బేరమాడేవాడు ఉండడు... సగం ధరకే నీదవుతుంది!"

పైనుంచి కర్ణకఠోరమైన కేక! విరబోసిన జుట్టుతో, తెల్లగుడ్లు తేలేసి, తన గొంతు తానే నులుముకుంటూ ఆ పిల్ల మెట్లు దిగి వచ్చింది.

"ఆపెయ్! నాకీ ఇల్లొద్దు!" ఆమె బ్రోకరు మీద అరిచింది.

"నోర్ముయ్! నీ పేరుమీద చెప్పిన సంకల్పమిది. ఆ పిల్ల చావాలి, లేదా నువ్వు చావాలి!"

ఆమె పారిపోదామని గుమ్మం దాకా వెళ్ళింది. వెనక ఆ పిల్ల గొంతులో గురక... ఆమె గిర్రున వెనుదిరిగింది.

"నా పేరుమీదేగా! అయితే విను. ఇవాళే కొంటున్నాను, మొదట అడిగిన ధరకే! ఈ పిల్ల ఇక్కడే ఉంటుంది. నీ సంకల్పాన్ని నేనే తెంచేస్తున్నా!"

ఆ రక్తవలయాన్ని కాలితో చెరిపేసింది.

ఫెళ్ళుమని పిడుగు! పిల్ల చేతులు సడలాయి. కపాలం తనంతట తానే బ్రోకరు వైపు తిరిగింది. ఆ పిల్ల కంఠంలోంచి ఒక పురుషస్వరం ఉరిమింది...

"ఈ గోడలు కట్టిన తాపీమేస్త్రీనిరా నేను! నా పుర్రె తవ్వుకొచ్చి, నాచేతే నా కూతురి పీక నులిమిస్తావా!"

గుర్తులేని గోతిలోంచి తెచ్చిన ఆ పుర్రె ఎవరిదో ఆ క్షుద్రుడు ఏనాడూ ఆలోచించలేదు. మంత్రం మరిచిపోయాడు. "వద్దు... వద్దు...!" అంటూ గోడకు అంటుకుపోయాడు. ఆ గోడే నిలువునా చీలి వాడిమీద కూలింది! కపాలం కూడా ఆ ఇటుకల కింద పొడిపొడి అయిపోయింది.

"నాన్నా..." అంటూ ఆ పిల్ల ధూళిలో కుప్పకూలి వెక్కివెక్కి ఏడ్చింది. ధర దిగేదాకా తాను ఆగిన సంగతితో సహా ఆమె ఏదీ దాచకుండా జరిగినదంతా చెప్పింది. చెయ్యందించబోతే ఆ పిల్ల విదిలించుకుంది.

"మీరు ఆగింది ఇందుకోసమా?"

ఆమె చాచిన చేతిని వెనక్కి తీసుకుంది.

అన్న మాట ప్రకారం ఇల్లు ఆమె పేరున రిజిస్టరైంది. ఆ రోజు పిల్ల మేడమెట్ల దగ్గర అడ్డంగా నిలబడింది.

"ఇల్లు మీదే. మా గడప మాత్రం తొక్కకండి."

ఆమె తలవంచుకుని వెనక్కి నడిచింది.