నల్లప్ప ఆకలి

ఆదివారం పొద్దున కల్లూరులోని ఆ ఇంట్లో కాఫీ గిన్నె చప్పుడు కన్నా ముందు గాజు మీద పీచు గీకే చప్పుడు వినిపిస్తుంది. శివజ్యోతి చుడీదార్ చేతులు మోచేతుల దాకా మడిచి, హాల్లోని చేపల తొట్టిని తోముతోంది. కాపురానికి వచ్చి ఏడాదైంది. ఈ ఏడాదిలో ఒక్క ఆదివారం కూడా ఆ పని మానలేదు. ఆమె మొగుడు హర్షవర్ధన్ ఆఫీసుకు పోయే ముందు ఆ తొట్టి అద్దంలో చూసుకునే తల దువ్వుకుంటాడు. అంత తళతళలాడుతుంది.

ఆ కోడలికి ఇంత పట్టుదల ఎందుకంటే, కొత్తలో అత్త మహేశ్వరి ఒక మాట అంది. "మీ మామ ఉన్నప్పుడు ఈ అద్దం మీద పాచి అనేదే ఉండకపోతాండె" అని. మామను ఫొటోలో తప్ప చూడని పిల్ల ఆ మాటను పరీక్షలో ప్రశ్నలాగా తీసుకుంది. ఫస్ట్ క్లాసులో పాసయ్యేదాకా నిద్రపోయే రకం కాదు.

మామ ఓబులేష్ ఆర్టీసీలో డ్రైవరు. పదకొండేళ్ల కిందట కడప డ్యూటీ నుంచి వస్తూ, నీళ్లు నింపిన ప్లాస్టిక్ కవర్లో బొటనవేలంత సక్కర్ చేపను తెచ్చాడు. బస్సు కుదుపులకు అది బెదరకూడదని కండక్టరు చేత దారి పొడుగునా కవరు పట్టించాడట. మాడిన రొట్టె రంగులో ఉండే ఆ చేప నోటితో అద్దాన్ని పట్టుకుని వేలాడేది. దానికి నల్లప్ప అని పేరు పెట్టాడు. గోల్డు చేపలు వచ్చాయి, పోయాయి. నల్లప్ప మాత్రం జానెడు దాటి పెరిగింది. రెండేళ్ల కిందట ఓబులేష్ గుండెపోటుతో పోయాక, ఆయన చేత్తో సాకిన ప్రాణి ఇంట్లో అదొక్కటే మిగిలింది. మహేశ్వరికి అది చేప కాదు. ఆయన ఇంకా కొంచెం ఇంట్లోనే ఉన్నాడనే ధైర్యం.

వరండాలో బియ్యం ఏరుతున్న మహేశ్వరికి పీచు చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోవడం తెలిసింది.

"అత్తా, ఒక్కసారి ఈడికి రాండి" అని కోడలు పిలిచింది. గొంతులో తేడా ఉంది.

నల్లప్ప తొట్టి మూలన పడి ఉంది. శివజ్యోతి వేలు పెట్టి కదిలించినా కదల్లేదు. మొప్పలు మాత్రం మెల్లగా ఆడుతున్నాయి. దాన్ని కొంచెం పక్కకు తిప్పగానే మహేశ్వరి తొట్టి మీదికి వంగింది. కడుపు లోపలికి పీక్కుపోయి ఉంది. కళ్లు గుంటలు పడ్డాయి.

"ఏం చేస్తివే దీన్ని?"

"నేనేం చేసినానత్తా? తొట్టి కడుగుతాండా, అంతే."

"కడిగి కడిగి పానం తీసినావు! మీ మామ తొమ్మిదేండ్లు సాకినాడు. నువ్వొచ్చిన ఏడాదికే దీనికి ఈ గతి పట్టె."

శివజ్యోతి చేతిలో పీచు కిందపడింది. హర్షవర్ధన్ లోపలి నుంచి పళ్లు తోముకుంటూనే పరుగెత్తుకొచ్చాడు. తల్లినీ పెళ్లాన్నీ చూశాడు, చేపను చూశాడు. మగవాళ్లకు ఇలాంటప్పుడు తట్టే తెలివైన ఆలోచనే అతనికీ తట్టింది.

"ఎందుకమ్మా ఈ గొడవంతా? కాలువలో వదిలేసి వస్తా. బతికితే బతుకుతాది."

"మీ నాయన ఫొటో కూడా తీసుకపోయి కాలువలో ఎయ్యి. సరిపోతాది!" అని మహేశ్వరి విరుచుకుపడింది.

అప్పటిదాకా తల దించుకున్న శివజ్యోతి తలెత్తింది. "ఒక మాట చెప్తా వినండత్తా. ఈ ఇంట్లో నేను ఏది ముట్టుకున్నా తప్పే. దేనికి ఎందుకు మీ మొగం మాడుతాదో మీరు చెప్పరు. మీ మెప్పు కోసం ఏడాది నుంచి చేతులు పగిలేట్టు తోముతాండా. నా వల్లే దీనికి గతి పట్టిందంటే నేను రాయచోటికి పోతా. మా అమ్మ కాడ ఉంటా." అంటూనే ఏడ్చేసింది. మహేశ్వరి కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. హర్షవర్ధన్ ఇద్దరిలో ఎవరిని ఓదార్చాలో తేల్చుకోలేక, చేపల షాపు గాబ్రియేలుకు ఫోన్ చేశాడు. ఆ పూట అతను చేసిన మంచి పని అదొక్కటే.

గాబ్రియేలు ఓబులేష్‌కు పాత స్నేహితుడు. పది గంటలకల్లా స్కూటరు మీద వచ్చాడు. తొట్టి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"వదినా, దీనికి జబ్బేమీ లేదు. ఆకలి."

"ఆకలేందప్పా? పాచి తిని బతికే చేప కదా అది!"

"పాచి యాడుండాది వదినా? అద్దంలో నా మొగం కనపడతాండాది." అతను నవ్వబోయి, వాళ్ల ముఖాలు చూసి ఆగాడు. "పాచి దీనికి పైపైన తిండే. కడుపు నిండాలంటే కాయో కూరో పడాల. ఇంతకీ తొట్టిలో కట్టె మొద్దు ఉండాల కదా, ఏమాయె?"

"నల్లగా మురిగినట్టుందని నేనే తీసి మిద్దె మీద పడేసినా" అని శివజ్యోతి మెల్లగా చెప్పింది.

"అది గీక్కుని తినేదాన్కే పెట్టినాం పాపా. దాని చాటున దాక్కుంటాది కూడా. నీళ్లెట్ల మారుస్తాండావు?"

"మొత్తం పారబోసి కొళాయి నీళ్లు పడతా."

"అదీ తప్పే. బ్లీచింగు ఘాటు పోవాల. బకెట్లో ఒక దినం పెట్టి, మూడో వంతు మారిస్తే శాలు. నీకు తెల్దు, నీ తప్పు లేదులే." అతను మహేశ్వరి వైపు తిరిగాడు. "అన్న పెట్టినట్టే సాయంత్రం పూట ఒక దోసకాయ చెక్క పెట్టు వదినా. పది దినాల్లో తేరుకుంటాది."

గాబ్రియేలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్న ఆ ముగ్గురినీ వింతగా చూశాడు.

ఆ ఇంట్లో దోసకాయ తరిగి రెండేళ్లవుతోంది. ఓబులేష్‌కు దోసకాయ పప్పంటే ప్రాణం. వారంలో నాలుగు రోజులు అదే. ఆయన అస్థికలు కలపడానికి కాశీకి పోయినప్పుడు, ఇష్టమైనదొకటి వదలాలని పంతులు చెబితే మహేశ్వరి గంగలో దోసకాయనే వదిలేసి వచ్చింది. కొత్తలో శివజ్యోతి బండి మీద రెండు కాయలు కొనుక్కొస్తే, అత్త ముఖం తిప్పుకుని వాటిని పక్కింటికి పంపేసింది. ఎందుకో చెప్పలేదు. తర్వాత హర్షవర్ధన్ చెప్పాడు. ఆ పిల్ల మళ్లీ తేలేదు.

"ఆయన పెడతాండెనా?" అంది మహేశ్వరి. "నాకెప్పుడూ చెప్పలేదు గాబ్రియేలూ. నేను కాయ తరుగుతా ఉంటే వచ్చి, చేదు చూస్తానని ఒక చెక్క నోట్లో ఏసుకుని, ఇంకోటి చేతబట్టుకుని పోతాండె. పిల్లోని మాదిరి పచ్చివి తింటావేమని నేను తిడతాండె."

"ఆ రెండోది దీనికే వదినా. చేదు కాయ పెడితే నల్లప్ప అలుగుతాడని నాతో అంటాండె. పొద్దున నాలుగింటికి డ్యూటీకి పోతా, మిగిలిన తొక్క తీసేసి పోతాండె. ఉంచితే నీళ్లు చెడతాయి."

ముప్పై ఏళ్లు ఒకే కంచం పక్కన కూర్చున్న మనిషిలో తనకు తెలియని ఒక్క చెక్క ఇంకా ఉందని మహేశ్వరికి అప్పుడు తెలిసింది. దుఃఖం వచ్చింది, దాంతో పాటే నవ్వూ వచ్చింది. ఆయన పోయాక ఆయన గురించి కొత్త సంగతి వినడం ఇదే మొదలు.

ఆ మధ్యాహ్నం ఆమె ఎవరికీ చెప్పకుండా సంచి తీసుకుని పోయి, రెండు దోసకాయలు తెచ్చింది. హర్షవర్ధన్ మిద్దె మీది మొద్దును కడిగి తొట్టిలో దించాడు. నాలుగింటికి మహేశ్వరి కత్తిపీట ముందు కూర్చుంది. కాయ రెండుగా విచ్చుకోగానే వంటింటి నిండా పాత వాసన నిండింది. కళ్లు మసకబారాయి. చెక్క తీసి నోటి దాకా తీసుకుపోయి ఆగిపోయింది. చేదు చూడాలి. కానీ ఆ రుచి గంగలో వదిలేసింది.

వాకిలి దగ్గర శివజ్యోతి నిలబడి ఉంది. పొద్దుటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మహేశ్వరి చెక్క పట్టుకున్న చేతిని అటు చాపింది.

"చేదుందేమో సూడు పాపా."

శివజ్యోతి వచ్చి పక్కన కూర్చుని కొరికింది. నమిలింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"అంత చేదుందా?"

"లేదత్తా. శానా బాగుంది. మా ఇంట్లో ఎండాకాలమంతా ఇదే. ఏడాదైంది తిని."

మహేశ్వరి ఆ పిల్ల ముఖంలోకి అలాగే చూసింది. తొట్టిలో చేపకే కాదు, ఈ ఇంట్లో ఇంకొకరికీ తాను తెలియకుండానే ఈ కాయ మాన్పించింది. ఆ పిల్ల ఒక్కసారి కూడా అడగలేదు.

"నేను వదిలింది నా నోటికి కదే" అంది కోడలి తల నిమురుతూ. "నీ నోరెందుకు కట్టేసుకుంటివి? నన్నడిగితే నేను కొడతానా?"

"పొద్దున మీరు కొట్టినంత పని చేసినారు" అని శివజ్యోతి ఏడుస్తూనే నవ్వింది.

"నా మాటలు పట్టించుకోవద్దు తల్లీ. ఆయన మిగిల్చిపోయింది ఇది కూడా పోతాదేమోనని భయం పట్టింది నాకు. రాయచోటికి పోతానని మళ్లీ అనొద్దు."

దీపాలు పెట్టే వేళకు, వేణ్నీళ్లలో ఒక పొంగు ఉడికించి చల్లార్చిన చెక్కకు స్టీలు చెంచా గుచ్చి, మునిగేట్టు తొట్టిలో వేశారు. హాల్లో లైటు ఆర్పి ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. పావుగంట, అరగంట. మొద్దు చాటు నుంచి నల్లప్ప నీడలాగా కదిలి, ఆగి, మళ్లీ కదిలి చెక్క మీదికి వచ్చి వాలింది.

"తింటాండాది!" అని శివజ్యోతి అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. మహేశ్వరి ఆ చెయ్యి వదల్లేదు.

ఆ రాత్రి రెండో కాయ పప్పులో పడింది. మహేశ్వరి కొడుకు కన్నా ముందు కోడలికే వడ్డించింది.

"మీరూ కూచోండత్తా."

"నాకు మజ్జిగ శాలు పాపా. నువ్వు తిను, నేను సూస్తా" అని కంచం పక్కనే కూర్చుంది. కోడలు రెండోసారి వడ్డించుకుని తృప్తిగా తినేదాకా అక్కడి నుంచి లేవలేదు.