కందెన మాడిన వాసన

వజ్రకరూరు దాటి గుంతకల్లుకు పోయే దారిలో ఒక వంక ఉంది. అందులో నీళ్లు పారింది ఏ తాతల కాలంలోనో. తొలకరి పడగానే వజ్రాల కోసం చేలమీద పడే జనం కూడా, పొద్దుగూకితే ఆ వంక ఛాయలకు పోరు. ఎంత ఆశపోతుకైనా ప్రాణం తీపే కదా! దాని పేరే ఏడుపు వంక.

వెనకెప్పుడో పుట్టింటికని బయలుదేరిన ఆడమనిషి ఒకామె, బండి తిరగబడి అక్కడే పోయిందనీ, రాత్రిళ్లు ఆమె ఏడుపు వినిపిస్తుందనీ అంటారు. చెప్పేవాళ్లే గానీ విన్నవాళ్లు లేరు... రెండువేల రెండులో దసరా పోయేదాకా.

దసరా అయిన వారానికి, వ్యాను సురేంద్ర విన్నాడు.

గుంతకల్లు స్టేషన్లో మనుషుల్ని దింపి, రాత్రి ఒక్కడే తిరిగి వస్తున్నాడు. ఆ దారంతా అరచెయ్యిలా చదును. దిగుడనేది ఆ వంక దగ్గర ఒక్కచోటే. దిగుడులో బ్రేకుమీద కాలు పెట్టాడో లేదో — కీ...మని సన్నటి ఏడుపు. అచ్చం ఆడగొంతు! కాలు తీసినా వ్యాను కదలనని మొరాయించింది, ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు... అంతలో గట్టుమీద ఒక లాంతరు కదిలింది. సురేంద్ర ఎక్సలేటరు తొక్కిపట్టి, ఎలాగో వ్యానును వంక దాటించాడు.

ఆ లాంతరు గంగక్కది. మొగుడు పోయాక, నాలుగు గొర్రెలు పెట్టుకుని వంక గట్టున గుడిసెలో ఒంటరిగా బతికే ముసలామె.

తెల్లారి టీ అంగట్లో సురేంద్ర నోరు జారాడు.

"ఏడుపు ఇన్న్యా. ఇని తలెత్తేసరికి గంగక్క లాంతరు కనపడె..."

అంతే. గోరంతలు కొండంతలు చేసే ఊరికి ఆ ఒక్క మాట చాలు. ఆ తర్వాత మరో నాలుగు రాత్రులు, అదే చోట అదే ఏడుపు, అదే లాంతరు. ఊరిపెద్ద శివప్ప తేల్చేశాడు.

"ఆ యమ్మకి ఏందో విద్య తెలుసు. అమావాస్య లోపల గుడిసె పీకేద్దాం. పోనంటాదా..."

మిగతా మాట మింగాడు. మింగినదేమిటో అందరికీ తెలుసు.

సురేంద్ర తనను తానే తిట్టుకున్నాడు. తను అన్న ఒక్క మాటకు ముసలామె దిక్కులేనిదై పోతుందే! అయినా లోలోపల అతనికీ అనుమానమే... ఏడుపు వినపడగానే ఆ లాంతరు ఎందుకు కదలాలి? ఇంట్లో భార్య హేమావతి రోజూ నాలుగు చక్రాలకూ దిష్టి తీసి ఎర్రనీళ్లు పోస్తోంది, నిమ్మకాయలు తొక్కిస్తోంది. ఏడుపు పెరిగిందే గానీ తగ్గలేదు.

అమావాస్య ఇంక నాలుగు రోజులుందనగా, వ్యాను సరిగ్గా వంక నడుమ నిలబడిపోయింది.

గట్టు మీద లాంతరు కదిలింది... దిగింది... దగ్గరికి వచ్చింది.

"ఎవురప్పా... నువ్వేనా ఏడుస్తాండేది?" గంగక్క అడిగింది.

"నేనా? ఏడ్సేది నువ్వు కాదా?"

"నేనేల ఏడుస్తా నాయనా! నీ వ్యాను వచ్చిన రాత్రే ఏడుపు. ఎవురికేమాయెనో అని లాంతరు ఎత్తుకోని పరిగెత్తుకొస్తా. నువ్వేమో ఆగకుండా పోతావు."

సురేంద్ర వ్యాను దిగాడు. ఆమె ముందు చక్రం దగ్గర వంగి ముక్కు ఎగబీల్చింది.

"ఇదేందప్పా... కందెన మాడిన వాసన! మా ఆయప్ప ముప్పై ఏండ్లు ఎద్దులబండి తోలినాడు. నాకు తెలీదా?"

సురేంద్ర చక్రానికి చెయ్యి ఆనించి చటుక్కున లాక్కున్నాడు. పెనంలా కాలుతోంది.

కందెన! ఆయుధపూజనాడు నాయన నల్లప్ప చెప్పిన మాట చెవిలో మోగింది. "కందెన లేని చక్రం కీచుమంటాదిరా. బండైతేనేం, వ్యానైతేనేం?" ఆ మాట పట్టుకుని చక్రాలు విప్పి, బ్రేకు పిన్నులకు బండి కందెన దిట్టంగా పూసింది తనే. ఆ తర్వాతే కదా ఏడుపు మొదలైంది!

"చల్లారేదాంక కూచోండి. ఇద్దరికీ నీళ్లు తెస్తా" అని గంగక్క రెండు చెంబులు తెచ్చి గట్టున పెట్టింది. పెద్దామెకు చూపు ఆనదు కాబోలనుకుని సురేంద్ర ఒకటి తాగాడు. బయలుదేరేటప్పుడు చూస్తే రెండోదీ ఖాళీ. ఒలికిపోయిందేమోలే అనుకున్నాడు.

మరునాడు ఇంటిముందే, వెనక చక్రాలకు బండరాళ్లు అడ్డంపెట్టి, ముందుభాగం జాకీ మీద లేపాడు. బ్రేకు దిమ్మెను విప్పి, గొట్టం మీద బరువు పడకుండా తీగతో వేలాడగట్టాడు. పిన్నులు పీకితే అర్థమైంది. కందెన మాడి, దుమ్ము పట్టి జిగురైంది. పిన్నులు జారక, కాలు తీసినా బ్రేకు చక్రాన్ని వదలడం లేదు; ఆ రాపిడికే కీచుమంటోంది. రబ్బరు తొడుగులు ఉబ్బిపోయాయి. ఎర్రనీళ్లకు తుప్పు కూడా పట్టింది. అంతా శుభ్రంగా తుడిచి, ఉప్పుకాగితంతో తుప్పు గీకి, కొత్త తొడుగులు వేసి, బ్రేకులకని అమ్మే గ్రీజు పలచగా పూశాడు. చక్రం చేత్తో తిప్పితే గిర్రున తిరిగింది.

అమావాస్య ముందురోజు రాత్రి శివప్పనూ, ఇంకో ఇద్దరు పెద్దమనుషులనూ వ్యాను ఎక్కించుకున్నాడు.

"ఏడ్సింది నా వ్యాను బ్రేకే, బాగు చేసినా. ఈపొద్దు ఏడుపు ఇనపడితే మీ ఇష్టం. లేకపోతే ఆ యమ్మ జోలికి పోగూడదు."

వంక వచ్చింది. దిగుడు మొదలైంది. శివప్ప ఊపిరి బిగబట్టాడు. సురేంద్ర బ్రేకు మీద కాలు ఆనించాడు...

కిక్కురుమనలేదు. వ్యాను బుద్ధిగా నెమ్మదించి, గుడిసె ముందు ఆగింది.

చప్పుడుకు గంగక్క లాంతరుతో బయటికొచ్చింది. శివప్ప దిగి తలవంచుకున్నాడు. "తప్పయిపోయిందక్కా. నీ గుడిసె జోలికి ఎవురూ రారు."

సురేంద్ర గుండెల మీది బరువు దిగిపోయింది. గంగక్క కళ్లు తుడుచుకుని, లాంతరెత్తి వ్యాను లోపలికి చూసింది. చూసి, సురేంద్ర చెవిదగ్గర గుసగుసగా అడిగింది —

"ఏమప్పా... దినామూ ఎనక సీట్లో కూచోనొచ్చే ఆ యమ్మ... ఈపొద్దు రాలేదా?"

సురేంద్రకు రెండో చెంబు గుర్తొచ్చింది.

"ఏమంటాండాది?" శివప్ప గొంతులో మళ్లీ అనుమానం.

ఒక్క మాట... ఇంకొక్క మాట చాలు, గుడిసె కూలడానికి. ఒకసారి నోరు జారి చూసినవాడు రెండోసారి జారలేదు.

"ఏం లేదన్నా. మా హేమావతి రాలేదా అని అడుగుతాండాది" అన్నాడు.

సురేంద్ర వ్యాను ఆ తర్వాత ఎన్నడూ ఏడవలేదు. లోపలి అద్దాన్ని మాత్రం ఆ రాత్రే పైకి తిప్పేశాడు. గుంతకల్లు నుంచి ఒంటరిగా వచ్చేటప్పుడు వంక దాటేదాకా ఆ అద్దాన్ని ముట్టడు... వెనక్కి తిరగడు.