కదిలితే నాగా

పొద్దున్న పదకొండున్నరకి ఏజెంట్ డిల్లో చచ్చిపోయాడు. పవర్ హౌస్ స్టేషన్లో, వచ్చే లోకల్ రైలు కింద. జారిపడ్డాడని కాగితం మీద రాసుకున్నారు. జారలేదు. వెనకనుంచి తోశారు.

డిల్లో అసలు పేరు శంకరరావు. పోయే ముందు అతని ఫోన్లోంచి వెళ్ళిన మెసేజ్‌లో నాలుగే మాటలు: "తూఫాన్. రెండు గంటలకి. జాముల్."

పది నిమిషాల్లో ఏజెంట్ లింక్స్‌కి పిలుపొచ్చింది.

లింక్స్ అంటే తాతబ్బాయి. క్యాంప్ 2 కూలీల బస్తీలో పుట్టాడు. బడిలో చదివింది పదో తరగతి. మిగతాదంతా సైబర్ కేఫ్‌లో కూర్చుని, చీవాట్లు తిని, సొంతంగా నేర్చుకున్నాడు. అప్పట్లో ఇంజనీరు బాబులు అతన్ని చూసి నవ్వేవారు. ఇప్పుడు వాళ్ళ పాస్‌వర్డులు అతని జేబులో ఉన్నాయి.

పవర్ హౌస్ మార్కెట్లో కూలర్లు బాగుచేసే దుకాణం ఉంది. ముందంతా కూలర్ గడ్డి, వెనక ఇనప తలుపు. ఆ తలుపు వెనక చీఫ్ గురునాథరావు పీట మీద కూర్చుని ఉన్నాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి నలభై ఏళ్ళైనా మాట మారలేదు.

"డిల్లో పోనాడు."

"తెలుసు సార్."

"ఏటి తెలుసు నీకు? కూకో. తూఫాన్ ఏటో తెలుసునా?"

"బ్రౌజర్ సార్. ఠేకేదార్లు, అదే కాంట్రాక్టర్లు, లేబర్ ఫోన్లలో బలవంతాన ఎక్కించారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర హాజిరీ అందులోంచే కొట్టాలి. మా చెల్లి చిన్నమ్మలు ఫోన్లోనూ ఉంది."

"ఎవుడు పుట్టించాడు?"

"కొత్తగా ఎవడూ పుట్టించలేదు. లోపల ఇంజన్ అన్నిట్లో ఉండేదే. పైన రంగేశారు, పేరు మార్చారు, ఇంకో పని దూర్చారు."

"ఆ పనేటో నాను సెప్తాను. సిల్వర్‌ఫిష్ అని విదేశీ ముఠా. డిల్లో ఆల్ల ఎనకాలే తిరిగి కూపీ లాగినాడు. బీ షిఫ్టు ఎక్కేవోలు గేటు దగ్గర నాలుగు వేలమంది ఉంటారు. సరిగ్గా రెండింటికి అందరి ఫోన్లూ ఒక్కసారే అరుస్తాయి. గ్యాస్ లీకయింది, పరిగెట్టండి అని."

ఆ గేటు తాతబ్బాయికి తెలుసు. ఒక పక్క సైకిళ్ళు, ఒక పక్క లారీలు, మధ్యలో మనిషి దూరేంత సందు. అక్కడ నాలుగు వేలమంది పరిగెడితే కాళ్ళ కింద ఎందరు పడతారు?

"ఎందుకు సార్ ఇదంతా?"

"డెమో. ఒక్క మెసేజ్‌తో ఊరుని పరిగెట్టించగలం అని కొనుక్కునేవోల్లకి కెమెరాలో సూపించడానికి."

మనుషులు నలిగి చావడం వాళ్ళకి డెమో!

"పైవాళ్ళకి చెప్పారా?"

"సెప్పాను. లెటర్‌హెడ్ మీద రాసి పంపమన్నారు." గురునాథరావు ముఖం తుడుచుకున్నాడు. "సిన్నమ్మలుది ఏ షిఫ్టు?"

"బీ షిఫ్టే సార్."

"ఫోన్ సెయ్యకు. ఆ ఫోను వింటన్నారు. తెలిస్తే రెండు దాకా ఆగరు, ఇప్పుడే వదిలేస్తారు. మెసేజ్ ఎల్లేది జాముల్ గోడౌన్ నుంచి. అక్కడ మన కాంకరర్ ఉంది. లోనికి తనే తీస్కెల్తాది. కోడ్ మాట, కూలర్‌లో నీళ్ళున్నాయా."

ఆ గూఢచారి సెల్‌లో అందరికీ ఎవరూ పట్టించుకోని బ్రౌజర్ల పేర్లే. పెద్ద పేర్లని అందరూ వెతుకుతారు, చిన్నవాటి జోలికి ఎవడూ రాడని గురునాథరావు లెక్క. డిల్లో చిలీ దేశంవాడు ఒకడు మొదలుపెట్టిన బుల్లి బ్రౌజరు. తుక్కులో పడేసే కంప్యూటరు మీద కూడా పరిగెడుతుంది. లింక్స్ ఇంకా పాతది, 1992లో కాన్సాస్ యూనివర్సిటీలో పుట్టింది. బొమ్మల్లేవు, రంగుల్లేవు, మౌస్ అక్కర్లేదు. ఒట్టి అక్షరాలు. దానికంటే ముందువీ వెనకవీ ఎన్నో పోయాయి. అది ఇంకా బతికే ఉంది.

కాంకరర్ పేరు రాజశ్రీకి ఇచ్చారు.

ఒంటిగంటకి పది నిమిషాలు తక్కువ. జాముల్ రోడ్డు, పాత పెయింట్ గోడౌన్. తాతబ్బాయి సైకిల్ వెనక కూలర్ గడ్డి కట్టుకుని, తలకి గంఛా తువ్వాలు చుట్టుకుని దిగాడు. షట్టర్ దగ్గర రాజశ్రీ నిలబడి ఉంది. మే నెల ఎండలో పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, ఆ సిమెంటు దుమ్ములో కూడా కొట్టే సెంటు. ఆమె కూడా క్యాంప్ 2 పిల్లే. చిన్నప్పుడు ఒకే కుళాయి దగ్గర బిందెలకోసం కొట్టుకున్నవాళ్ళు.

"కూలర్‌లో నీళ్ళున్నాయా?"

"గడ్డి మార్చాలి. ఆవో భయ్యా."

లోపల ఇంకో గది. ఆ గదిలో అడుగుపెట్టాడు. వెనక గొళ్ళెం పడింది. తిరిగి చూస్తే తలుపుకున్న చిన్న కిటికీలోంచి పిస్టల్ కనపడింది. దాని వెనక నల్లకళ్ళద్దాలు.

"ఫోన్ ఇయ్యి. బ్లేడ్ పెన్ను ఇయ్యి. మూడో బటన్‌లో కెమెరా కూడా, భయ్యా. మన చీఫ్ అందరికీ మూడో బటనే కుడతాడు."

అన్నీ ఇచ్చాడు. ఇవ్వక ఏం చేస్తాడు?

"శంకరరావుని తోసింది నువ్వేనా?"

"జారాడు అన్నారు కదా!" నవ్వింది. "టెన్షన్ మత్ లో. నిన్ను చంపను. నీ పని వేరే ఉంది. రెండింటికి మెసేజ్ ఈ గోడౌన్ లైను మీంచే పోతుంది. రెండున్నరకి పోలీసులొస్తారు. లోపల ఎవరుంటారు? నువ్వు. ఎదురుగా కంప్యూటర్. కీబోర్డు మీద నీ వేలిముద్రలు. క్యాంప్ 2 లేబర్ కొడుకు దేశద్రోహి. పేపర్లకి ఇంతకంటే ఏం కావాలి?"

"చిన్నమ్మలు గేటు దగ్గర ఉంది, రాజశ్రీ. నీకు జడలేసిన మనిషి."

కళ్ళద్దాల వెనక ఏం కదిలిందో తెలీదు. గొంతు మాత్రం కదల్లేదు.

"కాంకరర్ అని పేరు పెట్టారు నాకు. ఆ బ్రౌజర్ ఇంజన్ కడుపున పుట్టిన పిల్లలే ఈరోజు సగం ప్రపంచం ఫోన్లలో ఉన్నాయి. దాని పేరు ఎవడికి గుర్తుంది? నేను అలా ఉండిపోను. నీ మీద ప్రేమతో ఆ డబ్బాలో లింక్సే పెట్టించాను. బొమ్మ కూడా కనపడదు. ఆడుకో."

చెప్పుల చప్పుడు దూరమైపోయింది.

రేకుల కప్పు. గోడలకి కిటికీ లేదు. పైన పిడికిలంత కన్నం, అందులోంచి నిప్పులాంటి వెలుగు. తలుపుని భుజంతో గుద్దాడు, భుజమే నొప్పెట్టింది. అరిచాడు. పక్కన సిమెంటు లారీల రొదలో ఆ కేక కలిసిపోయింది. గోడ మీద గడియారం ఒకటి పెట్టింది మహాతల్లి. ఒంటిగంట ఇరవై.

మూలన లావుపాటి పాత మానిటరు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. ముట్టుకుంటే వేలిముద్ర. ముట్టుకోకపోతే చెల్లెలు. ఏం ఆలోచిస్తాడు? కూర్చున్నాడు.

ముందు బయటికి పోయే దారి వెతికాడు. గురునాథరావు రహస్య పేజీ తెరుచుకోలేదు. పోలీసు పేజీ లేదు. ఏదీ లేదు. బయటి దారులన్నీ మూసేశారు. లోపలి లైను మాత్రం బతికుంది.

లోపలి లైనుకి అడ్రసు కావాలి. గోడ మీద వైర్ల డబ్బా ఉంది. తాతబ్బాయి ఆరేళ్ళు వైర్లు లాగి బతికాడు. ఏ వైర్‌మన్ అయినా నంబరు బుర్రలో పెట్టుకోడు, డబ్బా లోపల మార్కర్‌తో గీకుతాడు. మూత గోళ్ళతో పీకాడు. గోరు ఊడింది. లోపల నీలం రంగులో నంబరు.

లింక్స్‌లో అడ్రసు అడిగే జీ అక్షరం నొక్కాడు. నంబరు కొట్టాడు. ఎంటర్.

మెసేజ్ పంపే పేజీ తెరుచుకుంది.

తాతబ్బాయికి నవ్వాగలేదు. ఇదే పేజీ రాజశ్రీ లాప్‌టాప్‌లో తెరిస్తే ముందు నల్ల పరదా పడుతుంది. పాస్‌వర్డ్ అడుగుతుంది. ఒంటిగంట ముప్పావు దాటగానే మెసేజ్ గడికి తాళం పడుతుంది. కానీ ఆ పరదా, ఆ తాళం అన్నీ జావాస్క్రిప్ట్‌తో అల్లినవి. ఈ ముసలి లింక్స్‌కి జావాస్క్రిప్ట్ రాదు. దానికి పరదా లేదు, తాళం లేదు. ఉన్న అక్షరాలు ఉన్నట్టు చూపిస్తుంది. సోకులు చేసిన కోటీశ్వరులు సర్వర్ దగ్గర వెయ్యాల్సిన గడియ తెర మీద వేసుకున్నారు!

ఒంటిగంట యాభై రెండు. గడిలో మెసేజ్ కనపడింది. గ్యాస్ లీక్. భాగో.

చెరిపేశాడు. ఖాళీ మెసేజ్ తీసుకోనంది. టైము మార్చబోయాడు. కుదరదంది. మెసేజ్ వెళ్ళడం మాత్రం ఖాయం. అందులో ఏముంటుందన్నదే అతని చేతిలో ఉంది.

"గ్యాస్ లేదు, పరిగెట్టకండి" అని కొట్టాడు. చెరిపేశాడు. గ్యాస్ అన్న మాట చాలు, వెనకున్నవాళ్ళు మిగతాది చదవరు. "శాంతంగా ఉండండి" అని కొట్టాడు. శాంతంగా ఉండమన్నాక ఈ దేశంలో ఎవడు ఉన్నాడు? చెరిపేశాడు.

ఒంటిగంట యాభై ఆరు. చెమట కంట్లోకి కారుతోంది. నాలుగు వేలమంది కూలిజనాన్ని నిలబడ్డచోట నిలబెట్టేది ఏది? దేవుడా? పోలీసా? నిప్పొచ్చి మీద పడుతున్నా వాళ్ళని కదలనివ్వనిది ఏది?

చిన్నమ్మలు నూట మూడు జ్వరంతో డ్యూటీకి పోయిన రోజు గుర్తొచ్చింది. వద్దే అంటే ఏమంది? "నాగా పడిపోద్ది అన్నియ్యా." నాగా పడితే ఆ రోజు కూలి పోయినట్టే.

వేళ్ళు పరిగెత్తాయి. ఆ పాత కంప్యూటరుకి తెలుగు రాదు, ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ కొట్టాడు: "హాజిరీ నహీ లగీ. లైన్ మే ఖడే రహో. హిలా తో నాగా. హర్ గ్యాంగ్ సే ఏక్ ఆద్మీ జాముల్ రోడ్ పెయింట్ గోడౌన్ ఆకే నామ్ లిఖాయే." హాజరు పడలేదు, లైన్లోనే నిలబడండి, కదిలితే నాగా, గ్యాంగుకొకరు గోడౌన్‌కొచ్చి పేర్లు రాయించండి అని.

కింద బటన్ దాకా బాణం నొక్కుకుంటూ వెళ్ళాడు. ఎంటర్.

దూరంగా ఫ్యాక్టరీలో రెండింటి భోంగా సైరన్ కూసింది.

అంతే. తెర మీద ఏమీ మారలేదు. వెళ్ళిందో లేదో తెలీదు. పాతది వెళ్ళిందో కొత్తది వెళ్ళిందో తెలీదు. తలుపు మూసే ఉంది. తాతబ్బాయి గోడకి చెవి ఆనించి, మూడు కిలోమీటర్ల అవతలి కేకలు వినపడతాయేమోనని పిచ్చివాడిలా విన్నాడు. లారీల చప్పుడే. జీవితంలో ఇంత పొడుగు నిమిషాలు అతను చూళ్ళేదు.

రెండూ పదకొండుకి గొళ్ళెం విరిగినంత చప్పుడుతో తలుపు తెరుచుకుంది. రాజశ్రీ. కళ్ళద్దాలు లేవు. చేతిలో పిస్టల్.

"ఏం చేశావ్ రా? కెమెరాలో అందరూ బారుగా నిలబడ్డారు! ఒక్కడు కదల్లేదు! కొనేవాళ్ళు నవ్వి కాల్ కట్ చేశారు!"

అంటే చిన్నమ్మలు కూడా నిలబడే ఉంది. తాతబ్బాయికి వచ్చింది ఏడుపో నవ్వో అతనికే తెలీలేదు.

ఆమె పిస్టల్ ఎత్తింది. అప్పుడు వినపడ్డాయి, సైకిల్ బెల్లులు. ఒకటి కాదు, పది కాదు. షట్టర్ మీద దబదబా చేతులు. ఆమె బయట పెట్టిన కాపలావాడు గోడ దూకి పారిపోయాడు. గ్యాంగుకొకరు చొప్పున డెబ్భైమంది, హెల్మెట్లతో, చెమటతో, కోపంతో లోపలికొచ్చిపడ్డారు. పట్టుచీర చూశారు. అంతమందిలో ఇస్త్రీ బట్టల మనిషి ఆమె ఒక్కతే. ఇంకేం, ఆఫీసరమ్మ ఈమే! రాజశ్రీ పిస్టల్ చటుక్కున కొంగు కింద దాచింది.

"ఏ దీదీ! హాజిరీ ఎందుకు పడలేదు?"

"మేరేకో క్యా పతా! హటో!"

"హటోనా? మేం తప్పుకుంటే నువ్వెక్కడికి పోతావ్?" ఒకామె కొంగు పట్టుకుని లాగింది. పిస్టల్ నేల మీద పడింది. ఆ తర్వాత రాజశ్రీ జుట్టు ఎవరి చేతిలో ఉందో చెప్పడం కష్టం.

గుంపుని చీల్చుకుని చిన్నమ్మలు గదిలోకొచ్చింది. నిక్షేపంగా ఉంది. నోరు కూడా నిక్షేపంగా ఉంది.

"అన్నియ్యా! నువ్వేటిక్కడ?"

తాతబ్బాయి చెల్లెలి రెండు చేతులూ పట్టుకున్నాడు. వదల్లేకపోయాడు. "నువ్వు బాగున్నావా? ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా?"

"మాకెందుకు తగుల్తాది? ఎండలో నిలబడి కాళ్ళు పీకేస్తన్నాయి గాని. సేతులొదులు. కంప్యూటర్ కాడ కూకున్నావు, అంటే రాసేది నువ్వేనా?"

"ఒలే, అది... అదొక మిషన్. దేశం..."

"దేశం సంగతి మల్లీ సూద్దారి. మా గ్యాంగ్ ఇరవై రెండు మంది. ముందు మావి రాయి. కదిల్తే నాగా అని మీరే అన్నారు కదా, రాసేదాకా నువ్వూ కదలకు."

మూడు గంటలకి గురునాథరావు పోలీసులతో వచ్చాడు. రాజశ్రీని జీపెక్కించారు. కొంగు చిరిగిపోయి, మొహాన గీరుళ్ళతో, జీపే నయమన్నట్టు గబగబా ఎక్కేసింది. చీఫ్ లోపలికి తొంగిచూశాడు. అదే గది. తలుపు బార్లా తెరిచే ఉంది. తలుపుకి అడ్డంగా డెబ్భైమంది ఉన్నారు.

"లింక్స్! పద, రిపోర్ట్ ఇయ్యాలి."

"రాలేను సార్," అన్నాడు తాతబ్బాయి పేర్లు రాస్తూ, తలెత్తకుండా. "ఇంకా అరవై గ్యాంగులున్నాయి."