చెక్క మీద జెస్సికా

"అమ్మా, ఇంకెంతసేపు?" సింధూరి మూడోసారి అడిగింది.

ఒంటిపూట బడి వదలగానే సింధూరి అమ్మ పనిచేసే సెంటర్‌కి వచ్చేసింది. అక్కడికి చెవులు వినపడని చిన్నపిల్లలు వస్తారు. వాళ్లలో కొందరికి నడుస్తుంటే ఒళ్లు తూలిపోతుంది. వాళ్లని ఆడిస్తూ నిలదొక్కుకోవడం నేర్పడమే అమ్మ రామతులసి పని.

"జెస్సికా ఒక్కతే మిగిలిందమ్మా. అయిపోగానే వెళ్దాం." అమ్మ నడుం పట్టుకుని లేచింది. పొద్దుట్నించీ నేలమీద కూర్చోవడం, లేవడమే.

నాలుగేళ్ల జెస్సికా జానెడు వెడల్పు చెక్క మీద నిలబడి ఉంది. మూడు వారాలుగా చెయ్యి పట్టుకుంటేగానీ అడుగు వేయని పిల్ల, ఇవాళే చెయ్యి వదిలింది. సగం దూరం వచ్చి ఆగింది.

అమ్మ బంతి అందుకోవడానికి అటు తిరిగింది. సింధూరికి ఆకలి. వెనకనుంచి "దా, దా" అంటూ చప్పట్లు కొట్టింది. జెస్సికా కదల్లేదు. సింధూరి ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసి కొంచెం ముందుకు తోసింది.

జెస్సికా కింద పరిచిన పరుపు మీద పడిపోయి గట్టిగా ఏడ్చింది.

"మెల్లిగానే తోశానమ్మా!"

"బయల్దేరేవాళ్లని వెనకనుంచి పిలవకూడదంటారే, ఇక్కడ వెనకనుంచి ముట్టుకోనూ కూడదు పాపా," అంది ఆయా శౌరమ్మ.

అమ్మ తిట్టలేదు. "నీ వెనక ఎవరైనా వస్తే నీకు చెప్పుల చప్పుడు తెలుస్తుంది. దానికి నీ చెయ్యి తగిలాకే తెలిసింది," అంది నీరసంగా.

మర్నాడు జెస్సికా చెక్క ఎక్కి ఒక అడుగు వేసింది. వెనక్కి తిరిగి చూసింది. తూలి, దిగిపోయింది. ఆ మర్నాడూ అంతే.

రెండు బస్సులు మారి ఉయ్యూరు అవతలనుంచి వచ్చే జెస్సికా వాళ్లమ్మ గోడకి జారగిలబడింది. "మొన్న చక్కగా నడిచింది కదండీ," అంది.

రామతులసి మళ్లీ నేలమీద కూర్చుంది.

ఆ తర్వాతి రోజు సింధూరి బ్యాగు పక్కన పెట్టి, గది చుట్టూ తిరిగి వెళ్లింది. చెక్క చివర జెస్సికాకి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులూ కనబడేలా ఒళ్లో పెట్టుకుంది.

"ఆకలేయడంలా?" అమ్మ అడిగింది.

"ఉండనీయమ్మా," అంది సింధూరి, చూపు తిప్పకుండానే.

జెస్సికా ఆ చేతుల్ని చూసింది. వెనక్కి చూసింది. మళ్లీ చేతుల్ని చూసింది. సింధూరికి కాళ్లు తిమ్మిరెక్కాయి. అయినా కదల్లేదు.

జెస్సికా ఒక అడుగు వేసింది. ఇంకొకటి. మొన్న పడిపోయిన చోటికి వచ్చి ఆగింది.

సింధూరి అలాగే కూర్చుంది.

ఈసారి జెస్సికా వెనక్కి చూడలేదు.