ఎర్రమడ మలుపులో ఏడుపు

ఎర్రమడ మలుపు దగ్గర చీకటి పడ్డాక ఎవరూ పడవ ఆపరు. మడచెట్ల వేళ్ళ మధ్య నుంచి ఓ ముసలమ్మ ఏడుపు వినిపిస్తుందంట... పలికినవాడు తెల్లారేసరికి ఉండడంట.

ఆ దెయ్యాన్ని పుట్టించింది గంగాధర్ అని చాలామందికి తెలీదు.

వాళ్ళది చేపల వేటకెళ్ళే ఇల్లు. వీడొక్కడే డిగ్రీ చదివాడు. ఆ మడ అడవి అంతా అభయారణ్యం. ఆయిల్ కోసం బోరేస్తామని ఓ కంపెనీ బల్లపరుపుగా ఉండే పెద్ద పంటు పడవ తెచ్చి మలుపులో లంగరేసింది. బోరు పడితే బావురుపిల్లులు పోతాయి, మడల్లో పెరిగే రొయ్యపిల్ల పోతుంది, ఊరు పస్తులుంటుంది. అర్జీలు పెట్టారు, ఎవరూ పట్టించుకోలేదు.

దాంతో గంగాధర్ అదే పంటు మీద వంటవాడిగా చేరాడు. రాత్రయితే వాళ్ళ వదిన ఉషారాణి చిన్న పడవలో వచ్చి, మడల్లో దిగి, అచ్చం అత్తగారిలా ముసలి గొంతుతో ఏడ్చేది. ఇద్దరు కూలీలు పారిపోయారు కూడా.

"ఇలా అయితే కదలరు గానీ, ఈసారి నీ పేరే పట్టుకుని ఏడుస్తా చూడు," అంది వదిన ఫోన్లో, నవ్వుతూ.

అమావాస్య వచ్చింది. సముద్రం పోటు పెద్దది. ఏడుపు మొదలైంది... గొంతు చీరుకుపోయేలా.

"ఒరేయ్ గంగా... నానా... పడవ కొట్టుకుపోయిందిరా..."

ఇంజనీరు మురళీకృష్ణ దిగ్గున లేచాడు. "నీ పేరు పిలుస్తోందేంటయ్యా?"

గంగాధర్‌కి నవ్వాగట్లేదు. పెదవి కొరుక్కున్నాడు. "అలాగే పిలుస్తుందండి. పలక్కండి," అన్నాడు గుసగుసగా.

"బురదలో దిగబడిపోయాను... నీళ్ళు నడుం దాకా వచ్చేశాయి... రారా..."

"మనిషేనేమో! లైటెయ్యి!"

"వద్దండి బాబూ!" స్విచ్చికి చెయ్యి అడ్డం పెట్టేశాడు గంగాధర్. "చూస్తే ఇక వదలదండి. పిల్లలు గలవారు..."

మురళీకృష్ణ వెనక్కి తగ్గాడు.

"గంగా—"

తర్వాత గుటకలు. తర్వాత నీళ్ళ చప్పుడు. తర్వాత... ఏమీ లేదు.

చచ్చిపోవడం కూడా ఎంత బాగా చేసింది! వదినకి దండం పెట్టాలి అనుకున్నాడు గంగాధర్.

తెల్లారగానే మురళీకృష్ణ ఫోన్లో అరిచాడు. "నేనుండను సార్. కూలీలూ ఉండం అంటున్నారు. వేరే చోటు చూసుకోండి." మధ్యాహ్నానికి లంగరెత్తారు. పంటు వెళ్ళిపోయింది.

గంగాధర్ ఈలేసుకుంటూ ఇంటికొచ్చాడు. "పోయారు వదినా! రాత్రి అదరగొట్టేశావనుకో!"

ఉషారాణి దుప్పటి కప్పుకుని గుమ్మంలో కూర్చుంది. మొహం పీక్కుపోయి ఉంది.

"నేనెక్కడొచ్చాను? రెండ్రోజులుగా జ్వరం, లేవలేకపోతుంటేను. మీ అమ్మే వెళ్ళింది. ఏదీ, నీతో రాలేదా?"

గంగాధర్ వెనక్కి తిరిగి మలుపు వైపు చూశాడు.

"వద్దంటే వింటేనా? 'నాకేం భయమే, నా కొడుకు పక్కనే ఉంటాడుగా, పిలిస్తే వస్తాడు' అంది."